ఉత్తర, దక్షిణ గోళాల గాలి కలయిక లెక్కకు రెండు పెట్టెలు చాలవా?

పెన్నాతీరం:
చాలు అన్నది నా మాట. ఉత్తరార్ధగోళం ఒక పెట్టె, దక్షిణార్ధగోళం ఇంకో పెట్టె, మధ్యలో గోడ. ఒక్కో పెట్టెలో గాలి అంతా ఒకేలా కలిసి ఉందనుకుని, గోడ దాటేది ఎంతో లెక్కేస్తాం. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌నే చూడండి. కరెంటు సబ్‌స్టేషన్ల స్విచ్‌గేర్‌లో నింపే వాయువు. వానకు కొట్టుకుపోదు, వందల ఏళ్లు చెక్కుచెదరదు, దాదాపు అంతా ఉత్తరాన్నే లీకవుతుంది. ఇవాళ ఉత్తరాన ఉన్న మోతాదు దక్షిణానికి చేరేసరికి ఏడాది దాటుతోంది. కాగితం మీద తేలే లెక్కకు సూపర్ కంప్యూటర్ ఎందుకు?

నైరుతి:
లెక్క తప్పనడం లేదండీ. గోడ ఎక్కడ కట్టారన్నదే నా పేచీ. మీరు భూమధ్యరేఖ మీద కట్టారు. అసలు గోడ, రెండు వైపుల గాలులూ ఎదురుపడి పైకి లేచే మేఘాల పట్టీ. హిందూ మహాసముద్రం మీద అది జనవరిలో రేఖకు దక్షిణాన ఉంటుంది, జూలైకల్లా మన నెత్తి మీదుగా గంగా మైదానం దాకా పోతుంది. సీషెల్స్‌లోని మాహే దీవి రేఖకు దాదాపు 5 డిగ్రీలు దక్షిణాన ఉంది. అక్కడ జనవరిలో పరీక్ష కోసం సీసాలోకి పట్టే గాలి ఎక్కువగా ఉత్తరానిదే. మీరేమో దాన్ని దక్షిణం పెట్టెలో వేస్తారు. గోవాలోని కేప్ రామాలో దీనికి తిరగబడి, నైరుతి రుతుపవనాలు రాగానే మీథేన్ తగ్గిపోతుంది. సోమాలియా తీరం మీదుగా వచ్చే ఆ గాలి మీథేన్ తక్కువుండే దక్షిణార్ధగోళానిది మరి. జూలైలో పాలమూరు చేలల్లో వీచే పడమటి గాలీ చాలావరకు అదే.

పెన్నాతీరం:
ఏడాది సగటు తీస్తే ఆ అటూ ఇటూ సర్దుకుపోతుంది కదా?

ఎమ్మెస్సీ_తిరుపతి:
ఎత్తు సంగతి సర్దుకోదు సార్. ప్రాజెక్టులో నేను నేల మీది స్టేషన్ల అంకెలే వాడాను. వాయువు లీకయ్యేది నేల దగ్గరే కాబట్టి ఉత్తర దక్షిణాల తేడా అక్కడే ఎక్కువ, పది కిలోమీటర్ల ఎత్తున తక్కువ. అందుకే కలయికకు పట్టే కాలం నాకు ఎక్కువగా వచ్చింది. రెండు వారాలు కోడ్‌లో తప్పు వెతుక్కున్నాను, అక్కడ ఏ తప్పూ లేదు.

నైరుతి:
సగటు కూడా ఏటా ఒకేలా ఉండదు. 2009-10లో ఉత్తరాన హవాయిలోని మౌనా లోవా స్టేషన్‌కూ దక్షిణాన ఆస్ట్రేలియాలోని కేప్ గ్రిమ్ స్టేషన్‌కూ మధ్య కార్బన్ డయాక్సైడ్ తేడా ఉన్నట్టుండి పెరిగింది. ఆ ఎల్ నినో కాలంలో పసిఫిక్ మీద ఎగువ గాలులు భూమధ్యరేఖను దాటే దారి మూసుకుపోవడం అందుకు ముఖ్య కారణమని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2016లో వాదించారు. కలయిక వేగాన్ని ఒకే అంకెగా బిగించిన మోడల్ దాన్ని ఎలా చదువుతుంది? ఉత్తరాన ఎవరో ఎక్కువ పొగ వదిలారని. చేయని తప్పు ఏదో దేశం నెత్తిన పడుతుంది. నా బాధంతా ఇక్కడే.

పెన్నాతీరం:
ఇది ఒప్పుకోక తప్పదు. పదేళ్ల పోకడ చూడడానికి రెండు పెట్టెలు చాలన్న మాట మీదే ఉన్నాను. ఒక్క ఏడాది ఉద్గారాల పెరుగుదలను మాత్రం వాటితో తేల్చను. మాహే అంకెలను నెలల వారీగా విడదీసి మళ్లీ లెక్క వేస్తాను, వచ్చినవి ఇక్కడే పెడతాను.