గేమ్ మ్యూజిక్‌కి ముందు ఏం కొనాలి? బడ్జెట్ 25 వేలు, ఊరు కడప

కడప_కీస్:
మా ఫ్రెండ్ గోడో అనే గేమ్ తయారీ ఇంజిన్‌లో చిన్న 2డి గేమ్ చేస్తున్నాడు, కథంతా గండికోటలో ఒక రాత్రి జరుగుతుంది, ముందు పీసీకి, తర్వాత ఫోన్‌కి. మ్యూజిక్ నా నెత్తిన పెట్టాడు. నాకు చర్చిలో కీబోర్డు వాయించే అలవాటుంది గానీ కంప్యూటర్‌లో ఎప్పుడూ చేయలేదు. ఉన్నది ఐ5 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. షాపులో అడిగితే సౌండ్ కార్డు, మైకు, స్పీకర్లు, 61 కీల కీబోర్డు అన్నీ కలిపి 60 వేలు దాటించారు, సాఫ్ట్‌వేర్ సంగతేంటంటే "క్రాక్ వేసిస్తాంలే" అన్నారు. అది వద్దు, రేపు గేమ్‌ని స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో అమ్మాలి. మ్యూజిక్ చేసే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో తీసుకోవాలా, రీపరా? డబ్బులు ముందు దేనికి పెట్టాలి?

అనంత_ఆడియో:
మైకు, స్పీకర్లు రెండూ ఇప్పటికి లిస్టులోంచి తీసెయ్. నువ్వు పాడేది లేదు, వీధిలో హారన్లు, పైన ఫ్యాను ఉన్న గదిలో స్పీకర్లు పెట్టుకుంటే బాస్ ఎంతుందో నీకే తెలియదు. క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూసి ఉండే) హెడ్‌ఫోన్స్ తీసుకో, సోనీ ఎండీఆర్ 7506 గానీ ఆడియో టెక్నికా ఎం40ఎక్స్ గానీ. బ్లూటూత్‌వి మాత్రం వద్దు, కీ నొక్కిన తర్వాత ఎప్పుడో వినబడుతుంది. తర్వాత ర్యామ్ 16 చేయించు, స్లాట్ ఖాళీ ఉందో లేదో ముందు చూడు. ఆర్కెస్ట్రా శాంపిల్స్ (అసలు వాయిద్యాల రికార్డింగ్ ముక్కలు) అన్నీ ర్యామ్‌లోకే ఎక్కుతాయి, 8తో నాలుగు వాయిద్యాలు పెట్టేసరికి మొరాయిస్తుంది. చర్చి కీబోర్డుకి యూఎస్‌బీ గానీ మిడీ అవుట్ (ఏ కీ నొక్కావో కంప్యూటర్‌కి చెప్పే సాకెట్) గానీ ఉంటే అదే వాడుకో, లేకపోతే 25 కీల చిన్నది చాలు. సౌండ్ కార్డు లేకపోయినా విండోస్‌లో ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసి బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పంపే సౌండ్) 256 పెట్టి చూడు, సెకనుకి 48 వేల శాంపిల్ రేటు దగ్గర అది 5 మిల్లీసెకన్ల పైచిలుకు ఆలస్యం, చేతికి తేడా తెలియదు. చిటపటలాడితే 512 చెయ్యి.

సాఫ్ట్‌వేర్ అంటే నా ఓటు రీపర్‌కి. 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, చిన్న స్థాయి వాళ్లకి లైసెన్స్ 60 డాలర్లే. అంతకన్నా పెద్ద కారణం, గేమ్‌కి ఒక పాట ఇస్తే సరిపోదు, లూపులు (ఆగకుండా తిరిగేవి), లేయర్లు (ఒకదాని మీద ఒకటి కలిపేవి), చిన్నచిన్న ముక్కలు ఇవ్వాలి. రీపర్‌లో ఒక్కో ముక్కకి రీజియన్ గీసి పేరు పెట్టుకుంటే ఒకే దెబ్బకి అన్నీ వేర్వేరు ఫైళ్లుగా వచ్చేస్తాయి. ఆటగాడు చేసేదాన్ని బట్టి మ్యూజిక్ మారడం కొత్తేమీ కాదు, లూకాస్‌ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ వాళ్లు 1991లోనే ఐమ్యూజ్ పేరుతో చేశారు. ఇప్పుడు గోడో 4.3 నుంచి లేయర్లు కలిపి నడపడానికి, ముక్క నుంచి ముక్కకి దూకడానికి ఇంజిన్‌లోనే ఏర్పాటుంది, ఎఫ్‌మాడ్, వైజ్ లాంటి విడి గేమ్ ఆడియో సాఫ్ట్‌వేర్లు ఈ సైజు గేమ్‌కి అక్కర్లేదు.

లూప్ ఫైలు ఎంపీ3లో మాత్రం ఇవ్వొద్దు. ఎన్‌కోడర్ మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం కలుపుతుంది, లూప్ తిరిగిన ప్రతిసారీ అక్కడ తడబడుతుంది. ఆగ్ (.ogg) ఫైలు ఇవ్వు. రివర్బ్ తోక, అంటే చివర్లో మిగిలే ప్రతిధ్వని, తెగకుండా ఉండాలంటే లూప్‌ని వరుసగా రెండుసార్లు పరిచి రెండోదాన్ని మాత్రమే రెండర్ చెయ్యి (ఫైలుగా తియ్యి), మొదటిదాని తోక దీని మొదట్లో కలిసిపోయి ఉంటుంది.

కర్నూలు_బీట్స్:
అన్న చెప్పిందాంట్లో హెడ్‌ఫోన్స్ వరకు ఓకే, రీపర్ దగ్గర నేను ఒప్పుకోను. కొత్తగా తెరిచినోడికి అది ఖాళీ పలకలాగా ఉంటుంది, వాయిద్యాలు పెద్దగా ఏమీ ఉండవు. ఎఫ్ఎల్‌లో తెరిచిన పది నిమిషాల్లో బీట్ వస్తుంది, తెలుగులో పాఠాలు దొరుకుతాయి, ఇరుక్కుంటే అడగడానికి ఊర్లో ఎవడో ఒకడు ఉంటాడు. ఒకసారి కొంటే అప్‌డేట్లు జీవితాంతం ఉచితం. ట్రయల్‌లో సేవ్ అవుతుంది గానీ కొనేదాకా ఆ ఫైలు మళ్లీ తెరుచుకోదు, దానికి తయారుగా ఉండు. ఇంకోటి, తక్కువ ధర ఫ్రూటీ ఎడిషన్‌లో ఆడియో రికార్డింగ్ ఉండదు, అది కావాలంటే ప్రొడ్యూసర్ ఎడిషన్‌కి పోవాల.

కడప_కీస్:
థాంక్స్ అన్నా ఇద్దరికీ. రికార్డింగ్ కావాలనే ఉంది, అసలు విషయం చెప్పడం మరిచా. శత్రువులు కోటలోకి వచ్చే సీన్‌కి ఉరుము అనే జానపద డోలు వాద్యం పెట్టాలని ఆశ. ఫోన్‌లో రికార్డు చేస్తే సరిపోదా?

అనంత_ఆడియో:
అయితే రీపరే, అందులో రికార్డింగ్‌కి వేరే ఎడిషన్ గొడవ లేదు. వాయిద్యాల కొరత కర్నూలు తమ్ముడు చెప్పినట్టు నిజమే, దానికి సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ అనే సింథ్‌లు (కంప్యూటర్‌లోనే శబ్దం పుట్టించే వాయిద్యాలు) ఉచితంగా దించుకో. ఆర్కెస్ట్రాకి వీఎస్‌సీఓ 2 కమ్యూనిటీ ఎడిషన్ శాంపిల్స్, అది సీసీ0, అంటే హక్కులన్నీ వదిలేసిన లైసెన్స్, గేమ్ అమ్ముకున్నా ఎవరూ అడగరు.

ఫోన్ వద్దు. దెబ్బ గట్టిగా పడగానే ఫోన్ తనంతట తానే సౌండ్ తగ్గించేస్తుంది, ఆ తర్వాత మెల్లగా పెంచుతుంది, ఉరుములో ఉన్న ఊపంతా పోతుంది. పెళ్లి వీడియోలు తీసేవాళ్ల దగ్గర చేతి రికార్డర్ ఉంటుంది, ఒక పూటకి అడిగి తెచ్చుకో, 24 బిట్‌లో పెట్టి అతి గట్టి దెబ్బ కూడా మీటర్‌లో మైనస్ 10 డెసిబెల్స్ దగ్గరే ఆగేలా చూడు. మా అనంతపురం జిల్లాలో ఉరుము వాయించేవాళ్లు ఇంకా ఉన్నారు, గేమ్ అమ్ముతామని ముందే చెప్పి డబ్బులిచ్చి ఒప్పుకోలు కాగితం రాయించుకో. మొత్తం దరువు ఒకటి తీసుకున్నాక, విడి దెబ్బలు కూడా మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా ఒక్కోటి నాలుగైదు సార్లు కొట్టించు. వాటిని రీపర్‌లోనే ఉన్న శాంప్లర్‌లో వేస్తే నీ కీబోర్డు మీదే ఉరుము వాయించుకోవచ్చు, ప్రతి దెబ్బా ఒకేలా యంత్రంలా వినబడదు. ఫోన్ స్పీకర్‌లో ఆ లోతు శబ్దం ఎలాగూ రాదు, కాబట్టి పుల్ల తోలు మీద పడే చప్పుడు తెలిసేలా మిక్స్ చెయ్యి.

ఆ సీన్‌లో శత్రువు కనబడ్డాక ఆటగాడు ఎంతసేపట్లో దెబ్బ తింటాడో మీ ఫ్రెండ్‌ని కనుక్కో. నిమిషానికి 90 బీట్ల టెంపోలో నాలుగు బీట్ల బార్ అంటే 2.67 సెకన్లు. బార్ అయ్యాకే ఉరుము మొదలయ్యేలా పెడితే అప్పటికి మనోడు చచ్చి ఉంటాడు, బీట్ దగ్గరే మారేలా పెట్టించు.

కర్నూలు_బీట్స్:
రికార్డింగ్ అయ్యాక ఒక దరువు ఇక్కడ పెట్టు బ్రో, విందాం.