అల్‌హంబ్రా: నస్రిద్ ప్యాలెస్‌ను రాత్రిపూట చూస్తే సరిపోతుందా?

అమ్మానాన్నలతో స్పెయిన్ వెళ్తున్నాం. గ్రనాడాలో పాత కోట, రాజభవనాలు, తోటలు కలిసిన అల్‌హంబ్రా చూడటానికి మాకు కుదిరేది అక్టోబరు 9, శుక్రవారం ఒక్కరోజే. ఆ రోజు అన్నీ కలిపి చూసే పగటి జనరల్ టికెట్లు అయిపోయాయి. క్యాన్సిలేషన్లు వస్తాయేమోనని పొద్దునా రాత్రీ చూస్తూనే ఉన్నాను, నలుగురికీ కలిపి దొరకడం లేదు. గైడ్ టూర్లూ నిండిపోయాయి. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి కాబట్టి వేరేవాళ్ల దగ్గర కొనే దారీ లేదు.

ఇంకా దొరుకుతున్నవి రెండు: పగలు తోటలు, హెనెరలీఫె అనే వేసవి విడిది, అల్కసాబా కోట చూసే టికెట్, రాత్రి నస్రిద్ ప్యాలెస్ టికెట్. రెండూ కొంటే దాదాపు అన్నీ చూసినట్టే. కానీ నేను ఇంత దూరం వెళ్లేదే నస్రిద్ ప్యాలెస్‌లో సింహాల ప్రాంగణం పక్కన ఉన్న ‘ఇద్దరు అక్కచెల్లెళ్ల గది’ పైకప్పు కోసం. తేనెపట్టులా గూళ్లు గూళ్లుగా వేలాడే ఆ గచ్చుపనిని నాన్నకి చూపించాలి. ఆయనకి మసక వెలుతురులో చూపు సరిగా ఆనదు.

రాత్రి వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: అక్కడి దీపాల వెలుగులో ఆ పైకప్పు స్పష్టంగా కనిపిస్తుందా?