ఇండియాలో ఉన్న పొలం ఫాఫ్సాలో చూపించాలా, అక్కర్లేదా?

న్యూజెర్సీ అమ్మ: మా పెద్దమ్మాయి కాలేజీ చదువుకి అమెరికా ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం పెట్టే దరఖాస్తు, అదే ఫాఫ్సా, నింపుతున్నాం. మావారికి వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చిన రెండెకరాలు గుంటూరు దగ్గర ఉన్నాయి, పాస్ పుస్తకం ఈయన పేరు మీదే. కౌలు డబ్బు మా అత్తగారి మందులకే సరిపోతుంది, మాకు రూపాయి కూడా రాదు. దీన్ని చూపించాలా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతుంటే టెన్షన్‌గా ఉంది.

టెక్సాస్ బాబాయ్: వద్దమ్మా. జీతం, పన్ను వివరాలు ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా వచ్చేస్తాయి, అందులో పొలం ఉండదు. అత్తగారు ఉండగా ఆ పొలం అమ్ముతారా? ఇక్కడ సొంతిల్లు ఎన్ని లక్షల డాలర్లు పెరిగినా, ఉంటున్న ఇల్లు కాబట్టి ఫాఫ్సా అడగదు. రిటైర్‌మెంట్ ఖాతాలూ అడగదు. అమ్మలేని రెండెకరాలు మాత్రం లెక్కలోకి రావాలా? ఇదేం న్యాయం?

ఒహాయో నాన్న: బాబాయ్ గారూ, న్యాయం కాదనే నేనూ అంటాను. కానీ అక్కడ అడిగింది అమ్మగలరా అని కాదు. ఉంటున్న ఇల్లు తప్ప మిగతా స్థిరాస్తి విలువ, దాని మీద అప్పుంటే తీసేసి, సంతకం పెట్టే రోజుకి ఎంత అని. ఏ దేశంలో ఉన్నా అంతే. అన్నదమ్ముల ఉమ్మడిదైతే మన వాటా వరకే రాస్తాం. హక్కు మీద కోర్టులో గొడవ నడుస్తుంటే అది తేలేదాకా రాయక్కర్లేదు. ఈ పొలానికి ఆ రెండూ లేవు. కావాలని తప్పు రాస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఆ ఫారం మీద అమ్మాయి కూడా సంతకం పెడుతుంది. పిల్ల పెట్టే మొదటి సంతకాల్లో ఒకటి అబద్ధం కింద ఉండటం నాకు ససేమిరా ఇష్టం లేదు.

పైగా భయపడుతున్నంత నష్టం లేదు. తల్లిదండ్రుల ఆస్తిలో మహా అయితే 5.64 శాతమే లెక్కలోకి తీసుకుంటారు. పొలం 50,000 డాలర్లు అనుకుంటే, కుటుంబం భరించగలదని వేసే అంకె 2,820కి మించి పెరగదు. మీ జీతాలకే, తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చే పెల్ గ్రాంట్ పరిమితి దాటిపోయి ఉంటే ఆ గ్రాంట్ విషయంలో తేడా ఏమీ ఉండదు. ఇంకొకటి, కౌలు ఎవరి ఖాతాలో పడినా పొలం మీవారిది. ఇక్కడి పన్నులో చూపించాలేమో మీ పన్నులు చూసే అకౌంటెంట్‌ని (సీపీఏ) అడగండి.

టెక్సాస్ బాబాయ్: ఫాఫ్సా వరకు సరే. సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అని ఇంకో ఆర్థిక సాయం దరఖాస్తు అడిగే ప్రైవేటు కాలేజీలో? వాళ్ళ లెక్క వేరు, ఉంటున్న ఇంటినీ అడుగుతారు. ఇక నెలనెలా ఊరికి పంపే డబ్బు. మీ అత్తగారు ఇక్కడ మీతో ఉండరు కాబట్టి ఫాఫ్సా కుటుంబ సంఖ్యలో రారు. ఉన్నది లెక్కలోకి వస్తుంది, పోయేది రాదు. నాకు మండేది అక్కడే.

న్యూజెర్సీ అమ్మ: సొంత వ్యవసాయ భూమిని 2026-27 నుంచి మళ్ళీ మినహాయించారట కదా?

ఒహాయో నాన్న: కుటుంబం ఆ పొలంలోనే నివసిస్తుంటేనే అండీ. కౌలుకిచ్చిన పొలానికి వర్తించదు.

మిషిగన్ అక్క: చూపించాలా వద్దా అని ఆగిపోతున్నారు గానీ, ఎలా చూపిస్తామన్నది దానికంటే ముఖ్యం. సీఎస్‌ఎస్‌లో ప్రత్యేక పరిస్థితులు రాయడానికి చోటుంది. పొలం ఎవరి బతుకు కోసం ఉంది, నెలకి ఎంత పంపుతున్నారు, అన్నీ అక్కడ రాయండి. ఫాఫ్సాలో ఆ చోటు లేదు. కాబట్టి కాలేజీలో ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీసుకి విడిగా లెటర్ పెట్టాలి. కాగితాలు చూసి ఒక్కో కుటుంబానికి అంకెలు సవరించే అధికారం చట్టం వాళ్ళకిచ్చింది. ఒప్పుకుని తీరాలని లేదు, కానీ అడగనివాళ్ళకి అసలు రాదు. బ్యాంకు నుంచి పంపిన రసీదులు, పాస్ పుస్తకం నకలు, దానికి ఇంగ్లీషు అనువాదం జత చేయండి. విలువకి రిజిస్ట్రేషన్ ఆఫీసు రేటు వేయకండి, అది చాలాచోట్ల బయటి ధర కంటే తక్కువ. పక్క పొలాలు ఈమధ్య ఎంతకి అమ్ముడయ్యాయో కనుక్కోండి. సంతకానికి దగ్గరి రోజు మారకం రేటుతో డాలర్లలోకి మార్చి, ఆ లెక్క కాగితం దాచుకోండి.

టెక్సాస్ బాబాయ్: రూలు న్యాయమని మాత్రం నేను ఒప్పుకోను. కానీ పిల్ల సంతకం అన్న మాటకి నా దగ్గర జవాబు లేదు. చూపించమ్మా. ఆ లెటర్ మాత్రం గట్టిగా రాయి, అత్తగారి మందుల బిల్లులతో సహా.