మరింబా, వైబ్రఫోన్ జంట కచేరీలో కర్ర స్వరాలు ఎందుకు మునిగిపోతాయి?

ప్రశ్న:
కర్ర పలకల మరింబా, లోహపు పలకల వైబ్రఫోన్‌లతో ఇద్దరు కళాకారులు ఇచ్చిన కచేరీని ఇటీవల మొదటిసారి ప్రత్యక్షంగా విన్నాను. రికార్డింగుల్లో రెండు వాద్యాలూ దేనికది స్పష్టంగా వినిపించేవి. ఇక్కడ మాత్రం, ముందు వరుసలోనే కూర్చున్నా, వేగంగా సాగిన భాగాల్లో వైబ్రఫోన్ మోత అంతటా పరుచుకుపోయి, మరింబా కళాకారుడి చేతులు కదలడం కనిపించిందే తప్ప స్వరాలు విడివిడిగా చెవిన పడలేదు. ఇది హాలు లోపమా, వాయించినవారి లోపమా, లేక ఈ కలయికలోనే ఉన్న చిక్కా? తాళం చూపేవారెవరూ లేకుండా ఇద్దరూ అంత కచ్చితంగా ఎలా కలుస్తారన్నది నా రెండో సందేహం.

సమాధానం 1:
నేను మరింబా వాయిస్తాను కనుక నా మాటలో కొంత పక్షపాతం ఉండవచ్చు. మరింబా పలకలను సాధారణంగా రోజ్‌వుడ్‌తోనూ, వైబ్రఫోన్ పలకలను అల్యూమినియం మిశ్రమలోహంతోనూ చేస్తారు. కర్ర మీద కొట్టిన స్వరం, ముఖ్యంగా పై స్థాయిలో, పుట్టిన వెంటనే అణగిపోతుంది. వైబ్రఫోన్ పెడల్ తొక్కితే పలకలను ఆనుకుని ఉన్న మెత్తటి పట్టీ కిందికి దిగి, స్వరం ఎన్నో సెకన్లపాటు మోగుతూనే ఉంటుంది. వేగంగా వాయించేటప్పుడు పెడల్‌ను తొక్కిపట్టి ఉంచితే పాత స్వరాలన్నీ ఒకదానిపై ఒకటి పేరుకుని కొత్తవాటిని కప్పేస్తాయి. మీరు విన్నది బహుశా అదే. అనుభవం ఉన్నవారు పెడల్‌ను సగమే తొక్కుతారు, లేదా ఒక మ్యాలెట్‌తో (పలకలను కొట్టే, తల ఉన్న పుల్లతో) కొత్త స్వరం పలికిస్తూ మరో మ్యాలెట్‌తో పాత పలకను నొక్కి ఆపుతారు. నాలుగు మ్యాలెట్లు పట్టుకుని ఈ పని చేయడం చూడడానికి సులువుగానే ఉంటుంది, చేయబోతేనే తెలుస్తుంది.

సమాధానం 2:
పెడల్ సంగతి నిజమే, కాని నేరమంతా దాని మీద వేయడం సరికాదు. ఐదు స్థాయిల మరింబా పరిధిలో వైబ్రఫోన్ మూడు స్థాయిలూ పూర్తిగా ఇమిడిపోతాయి. కనుక స్వరకర్త ఇద్దరికీ ఒకే మధ్య స్థాయిలో పని అప్పగిస్తే ఎంత జాగ్రత్తగా వాయించినా కర్రే ఓడుతుంది. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ 2009లో రెండు మరింబాలు, రెండు వైబ్రఫోన్‌లకు రాసిన ‘మ్యాలెట్ క్వార్టెట్’ వినండి. అందులోని వేగమైన భాగాల్లో మరింబాలు కింద స్వరాల పునాది వేస్తే, వైబ్రఫోన్‌లు దాని మీద రాగాన్ని నడుపుతాయి. బరువు పంపకం కాగితం మీదే జరిగిపోయింది. ఇక వైబ్రఫోన్‌కు ఉండే మోటారు మాట: అది పలకల కింద ఉండే గొట్టాల పైభాగంలోని బిళ్లలను తిప్పి వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది, దాంతో నాదం అలలా ఊగుతుంది. వేగమైన రచనల్లో దాన్ని ఆపి ఉంచడమే మేలని నా అభిప్రాయం.

సమాధానం 3:
మీ రెండో సందేహానికి: ఇద్దరూ ఒకరి చేతులు ఒకరికి కనిపించేలా నిలబడతారు, ఎత్తుగడకు ముందు ఊపిరి తీసుకోవడం, మ్యాలెట్ పైకి లేచే వేగం, ఇవే సంకేతాలు. కలిసి ఉండడం కన్నా కావాలని విడిపోవడం కష్టం. రైక్ 1967లో రెండు పియానోలకు రాసిన ‘పియానో ఫేజ్’ను రెండు మరింబాలపైనా వాయిస్తారు, అందులో ఒకరు వేగం మార్చకుండా నిలిస్తే, రెండోవారు ఒక్క స్వరం ముందుకు చేరేదాకా కొద్దికొద్దిగా వేగం పెంచుతారు. అప్పుడు ఎదుటివారిని వింటూనే వారి లయకు లొంగకుండా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. చివర వాయించిన నెమ్మదైన రచనలో మరింబా చక్కగా వినిపించింది. కళాకారుడు ఒకే పలకను రెండు మ్యాలెట్లతో ఎడతెగకుండా కొడుతూ స్వరాన్ని నిలబెట్టడం అప్పుడు నాకు అలంకారంలా తోచింది.

సమాధానం 1:
అలంకారం కాదు, కర్రకు పెడల్ లేదు కనుక మేము చేతులతో పట్టే ఊపిరి అది. ఈసారి ముందు వరుస వదిలి హాలు మధ్యలో కూర్చుని, వైబ్రఫోన్ వాయించేవారి చేతులకు బదులు పాదాన్ని గమనించండి.