హాలోవీన్‌కి పిల్లల్ని ఇంటింటికీ పంపాలా? మా ఇంట్లో ఎటూ తేలడం లేదు

సర్జాపూర్ అమ్మ:

మాది ఒంగోలు. బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు పక్కన ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. అక్టోబరు 31 సాయంత్రం ఇక్కడి పిల్లలు దెయ్యాల్లా, మంత్రగత్తెల్లా వేషాలు కట్టి, ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అంటూ తలుపులు కొట్టి చాక్లెట్లు అడుగుతారు. టవర్ల వారీగా వాట్సాప్‌లో పేర్లు రాయడం అప్పుడే మొదలైంది. రెండో తరగతి చదివే మా పాప అస్థిపంజరం డ్రెస్సు కావాలని పట్టుబట్టింది.

ఇందులో నాకు నచ్చేదీ ఉంది. మా ఫ్లోర్‌లో చివరి ఇంట్లో ఒక బెంగాలీ పెద్దాయన ఒంటరిగా ఉంటారని నాకు తెలిసింది పోయినేడాది ఈ పిల్లల వల్లే. ఆయన వాళ్ళను కూర్చోబెట్టి, తమవైపు దీపావళి ముందురోజు భూత చతుర్దశి చేస్తారని, పెద్దల పేరిట పధ్నాలుగు దీపాలు పెడతారని చెప్పారట. అప్పటినుంచి మా పాప ఆయన్ని తాతా అని పిలుస్తోంది. లిఫ్టులో తలవంచుకుని నిలబడే మనుషుల మధ్య అది నాకు చాలా విలువైన సంగతి.

కానీ ఈ ఆషాఢంలో మా మామయ్యగారు పోయారు. అత్తయ్య మాతోనే ఉన్నారు. ఏడాది తిరగలేదు, ఇంకా మాసికాలు నడుస్తున్నాయి. ఆవిడ కళ్ళముందు మనవరాలు ఎముకల బొమ్మ వేసుకుని తిరగడం, మూతికి ఎర్రరంగు పూసుకున్న పిల్లలు మా గుమ్మంలోకి రావడం తలుచుకుంటేనే నాకు కష్టంగా ఉంది.

ఇంకో బాధ కూడా ఉంది. మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు స్కూలు అవగానే ఇక్కడికే వస్తుంది. మా పాప ఈడుదే, ఇద్దరూ కలిసి ఆడుకుంటారు. ఏ లిస్టులోనూ ఆ పిల్ల పేరు లేదు. ఆ సాయంత్రం మా పాప సంచీ నింపుకుని వస్తే, ఆ పిల్ల వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని చూడాలా?

మీరంతా ఏం చేస్తున్నారు? విదేశీ పండగ అని ఒక్క మాటలో కొట్టిపారేయకుండా చెప్పండి.

ఎడిసన్ నుంచి వైట్‌ఫీల్డ్:

న్యూజెర్సీలో ఉన్నప్పుడు మా పిల్లలు ఏటా వెళ్ళేవారు. అక్కడ ఒక మంచి పద్ధతి ఉందండి. గుమ్మం లైటు వెలుగుతుంటే రమ్మని, ఆర్పేసి ఉంటే రావద్దని. అలాంటి ఇంటి తలుపు కొట్టకూడదని పిల్లలకు ముందే నేర్పుతారు. ఎందుకు ఆర్పారని ఎవరూ అడగరు. చిన్నపిల్లలతో పెద్దవాళ్ళు నడుస్తారు, కాస్త చీకటి పడగానే ఇంటికి తీసుకెళ్ళిపోతారు. మన అపార్ట్‌మెంట్లు వేషాలూ చాక్లెట్లూ తెచ్చుకున్నాయి గానీ ఈ మర్యాదను తెచ్చుకోలేదు. వచ్చేవాళ్ళను రమ్మనే ఇళ్ళు మాత్రం తలుపుకి ఒక నారింజరంగు కాగితం అంటించుకుంటే సరిపోతుంది. మా టవర్‌లో అలాగే చేస్తున్నాం.

తెనాలి టీచరమ్మ:

అమ్మాయ్, నేను రిటైరై అబ్బాయి దగ్గర జయనగర్‌లో ఉంటున్నాను. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి అడగడం మనకు కొత్తేం కాదు. దసరాకి అయ్యవారు బడిపిల్లల్ని వెంటబెట్టుకుని ఊరంతా తిప్పేవారు. పిల్లలు పూలతో అలంకరించిన వెదురు విల్లంబులు పట్టుకుని పద్యాలు పాడేవాళ్ళు. అయ్యవారికి డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. జీతం సరిగా అందని ఆ రోజుల్లో పల్లెటూరి అయ్యవారికి అదే పెద్ద ఆదాయం. బడికొచ్చే పిల్లలంతా ఆ వరసలో ఉండేవారు, ఫీజు కట్టినవాడు ఒక వరస, కట్టనివాడు ఒక వరస అని ఉండేది కాదు.

ఈ ఊళ్ళో సంక్రాంతికి చూడు. ఆడపిల్లలు పట్టుపావడాలు కట్టుకుని ఎళ్ళు-బెల్లం (నువ్వులూ బెల్లమూ కలిపింది), చెరుకుముక్క, చక్కెర అచ్చులు ఇల్లిల్లూ పంచిపెడతారు. అడగడానికి కాదు, ఇవ్వడానికి తిరుగుతారు. నీకు కుదిరితే మీ పిల్లల చేతిలో ఇచ్చేదొకటి పెట్టి పంపు. ఒక పద్యం, ఒక పువ్వు, ఏదైనా. వంటింటి దగ్గర కూర్చున్న పిల్ల గురించి నువ్వు రాసిన మాట మాత్రం అన్నిటికన్నా పెద్దది. దాన్ని వదలకు.

మారతహళ్ళి వాసి:

నేను వద్దనే అంటాను. మా దగ్గర ఆ రాత్రి ఉండే హడావుడిలో పదో వంతు కూడా మర్నాడు, నవంబరు 1న, కర్ణాటక అవతరణ దినమైన రాజ్యోత్సవానికి కనిపించదు. ఈ ఊళ్ళో బతుకుతూ జెండా ఎగరేసేటప్పుడు కిందికి దిగకపోతే ఎలా? 1956లో ఆ తేదీనే ఆంధ్రప్రదేశ్ కూడా ఏర్పడింది, మన పిల్లలకు అదీ తెలియదు.

గుంటూరు మరియ:

మేం కథోలికులం. హాలోవీన్ మీదే కదా అని ఆఫీసులో అడుగుతుంటారు. గుంటూరులో మా ఇంట్లో ఎవరూ ఈ వేషాలు వేయలేదు. నవంబరు 1 సకల పునీతుల పండుగ, 2 మృతుల స్మరణ దినం. ఆరోజు అమ్మావాళ్ళతో సమాధుల తోటకి వెళ్ళి, నాన్నమ్మ సమాధి కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. పోయినవాళ్ళ పేర్లు పిల్లలకు అక్కడే తెలిసేవి. అందుకే చావును ప్లాస్టిక్ ఎముకలతో ఆటగా చూస్తే నాకూ మనసొప్పదు. మా బాబు వెళ్తాడు గానీ పులి వేషంతో వెళ్తాడు.

మీ అత్తయ్యగారికి కష్టమని మీరు అనుకుంటున్నారు. ఆవిడ ఏమంటున్నారో ఆవిడనే అడగండి అక్కా.

సర్జాపూర్ అమ్మ:

అందరికీ థాంక్స్. అత్తయ్యని అడిగాను. “పిల్లను ఆపకు. మీ మామయ్య ఉంటే ఆయనే వేలు పట్టుకుని తిప్పేవారు. ఆ ఎముకల బట్టలు మాత్రం నా కంటపడనీయకు” అన్నారు. మా తలుపుకి కాగితం అంటించడం లేదు. పాప ముందు ఏడ్చింది, చివరికి గుడ్లగూబ వేషానికి ఒప్పుకుంది. అత్తయ్యే పాత చీర అంచులు కత్తిరించి రెక్కలు కుడుతున్నారు.

పనిమనిషి కూతురి గురించి అసోసియేషన్‌లో అడిగితే, ఫ్లాట్లలో ఉండేవాళ్ళ పిల్లలకే అన్నారు. ఆ పిల్లను రానివ్వకపోతే మా పాపా రాదని గ్రూపులో రాశాను. ఇద్దరు తల్లులు నాతో ఉన్నామన్నారు, మిగతావాళ్ళు ఇంకా మాట్లాడలేదు. ఇలాంటి రూల్‌ని మీ దగ్గర ఎవరైనా మార్పించారా? ఎవరితో మాట్లాడారు, ఎలా ఒప్పించారు? శనివారం మీటింగ్ ఉంది, ఆలోపు చెప్పండి.