అప్‌డేట్: కడప ఎండకి వెయ్యి థ్రెడ్ కౌంట్ బెడ్‌షీట్ కొన్నాను

శాటీన్ (నున్నగా మెరిసే నేత) కొనాలా, 300 థ్రెడ్ కౌంట్ (చదరపు అంగుళంలో ఉండే దారాల లెక్క) పర్కేల్ (మెరుపు లేని సాదా నేత) కొనాలా అని పోయిన నెల అడిగాను కదా. అందరూ పర్కేల్ అన్నారు. నేను వినలేదు, మెరుపు చూసి వెయ్యి కౌంట్ శాటీనే తెచ్చాను.

మొదటి రాత్రే వీపంతా చెమట. ఒకరు చెప్పినట్టు అంచులోంచి దారం లాగి కాల్చాను. కాటన్ అయితే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద అవ్వాలి. ఇది కరిగి నల్లటి పూసలా గట్టిపడింది. పాలిస్టర్ కలిపారు! ప్యాకెట్ మీద మాత్రం 'ప్యూర్ కాటన్'. షాపాయన నాకు కుదరదన్నాడు, మా అమ్మ వెళ్తే నోరెత్తకుండా మార్చిచ్చాడు.

ఇప్పుడు పర్కేలే. దారం ఒకటి పైన, ఒకటి కింద నేత కాబట్టి గాలి ఆడుతోంది. మొదట్లో గరగరలాడింది, నాలుగు ఉతుకులకి మెత్తబడింది. మా బోరు నీళ్లకి సబ్బు నురగే రాదు, ఆరితే అట్టముక్కే. అందుకని ఆఖరి జాడింపులో అర కప్పు తెల్ల వెనిగర్ వేస్తున్నా. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ మానేశా, అది పూతలా పట్టి చెమట పీల్చనివ్వదు. మిద్దె మీద ఎండలో కాకుండా వరండా నీడలో ఆరేస్తున్నా.

శాటీన్ దిండు గలీబులు మాత్రం అమ్మ వాపసు ఇవ్వనివ్వలేదు. చుట్టాలొచ్చినప్పుడు వేస్తుందట.