ఏసీ మెకానిక్‌కి జర్మనీలో హీట్ పంప్ పని: ఏజెంట్ మాట నమ్మొచ్చా?

బరంపురం_ఏసీ:
అన్నలకు నమస్కారం. మాది ఒడిశాలో బరంపురం. ఐటీఐలో ఏసీ ట్రేడ్ చేసి పదకొండేళ్లుగా ఇదే పని. ఎండాకాలం అన్నం తినే తీరిక ఉండదు, కార్తీకం వచ్చిందంటే ఫోన్ మోగదు. మొన్న ఒక ఏజెంట్ కలిశాడు. యూరప్‌లో బయటి గాలిలోని వేడిని లాగి ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంపులు తెగ అమ్ముడుపోతున్నాయి, బిగించే మనుషుల్లేరు, మూడున్నర లక్షలు కడితే జర్మనీ పంపిస్తానంటున్నాడు. వాడిచ్చిన కాగితంలో 2022లో యూరప్ మొత్తం మీద 30 లక్షలు అమ్మారని ఉంది. ఆ తర్వాతి లెక్క లేదు. అడిగితే "పెరిగే ఉంటాయిలే" అన్నాడు.

హీట్ పంపంటే తిరగేసిన ఏసీనే కదా. గ్యాస్ ఛార్జింగ్, బ్రేజింగ్ (రాగి పైపులు అతకడం) కళ్లు మూసుకుని చేస్తాను. మా ఆవిడ గాజులు తాకట్టు పెడదామంటోంది. వెళ్లొచ్చా?

గుణుపురం_కుర్రాడు:
తమ్ముడూ, ఆ గాజులు అలాగే ఉంచు. మాది గుణుపురం, ఐదేళ్లుగా ఇక్కడ జర్మనీలో హీటింగ్ పనే చేస్తున్నాను. 2022 లెక్క నిజమే. ఉక్రెయిన్ యుద్ధంతో, ఇక్కడి ఇళ్ల బాయిలర్లలో కాల్చే గ్యాస్ ధర మండిపోయి జనం ఎగబడ్డ ఏడాది అది. తర్వాత ధర దిగింది, సబ్సిడీ సంగతి తేలక జనం ఆగిపోయారు. జర్మనీలో 2023లో 3.56 లక్షల పంపులు అమ్ముడైతే 2024లో ఆ లెక్క 1.93 లక్షలకు పడింది. 2025లో మళ్లీ లేచింది. పాత బాయిలర్ తీసేసి ఇది పెట్టుకుంటే ఖర్చులో 70 శాతం దాకా, 21,000 యూరోలకు మించకుండా సర్కారు ఇస్తోంది. కాబట్టి పని లేదనను. నువ్వు అనుకుంటున్న పని కాదంతే.

ఇక్కడ మేం ఎక్కువగా పెట్టేది మోనోబ్లాక్. నువ్వు ఛార్జింగ్ చేసే గ్యాసంతా బయటి డబ్బాలోనే, ఫ్యాక్టరీలో నింపి సీలు వేసి వస్తుంది. ఇంట్లోకి వెళ్లేవి నీళ్ల పైపులు. అదీ ఇప్పుడు ఆర్290, అంటే ప్రొపేన్, మన వంట గ్యాస్‌లో ఉండేదే. భూమిని ఎక్కువ వేడెక్కించే గ్యాసులు 12 కిలోవాట్ల లోపు కొత్త మోనోబ్లాకుల్లో 2027 నుంచి కుదరవు, అందుకే కంపెనీలన్నీ అటు మళ్లాయి. నా వ్యాన్‌లో గ్యాస్ ప్రెషర్ చూసే గేజ్ సెట్ మీద దుమ్ము పట్టింది. నీకు వెన్నతో పెట్టిన విద్య ఇక్కడ పెట్టెలోనే ఉండిపోతుంది.

రోజూ చేసేది ప్లంబింగ్. ఏ గదికి ఎంత వేడి కావాలి, గదిలో వేణ్నీళ్లు తిరిగే రేడియేటర్ చాలుతుందా అని లెక్క కట్టాలి. 35 డిగ్రీల నీళ్లతో ఇల్లు వెచ్చబడితే ఒక యూనిట్ కరెంటుకి నాలుగు యూనిట్ల వేడి దాకా వస్తుంది. పాత రేడియేటర్లకి 60 డిగ్రీలు పంపాల్సొస్తే చలికాలంలో మూడు కూడా రాదు. కరెంటు ధరేమో గ్యాస్ కంటే దాదాపు మూడు రెట్లు. అప్పుడు ఇంటావిడ బిల్లు పట్టుకుని ఫోన్ చేస్తుంది, జర్మన్‌లో! నీకిచ్చే జీతం ఆమెకి జవాబు చెప్పడానికే. ముందు భాష మొదలుపెట్టు, దానికి ఏజెంటు అక్కర్లేదు.

లాడ్జి_రాయగడ:
మజ్జిగౌరమ్మ గుడికొచ్చేవాళ్లు తెల్లారగట్ల నాలుగింటికే వేణ్నీళ్లు అడుగుతారు. గీజర్లు పీకేసి నీళ్లు కాచే హీట్ పంపు పెట్టించాను. మన ఉక్క గాలికి హాయిగా నడిచింది, కరెంటు బిల్లు బాగా తగ్గింది. పెట్టిన ఏడో నెల నుంచి నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయి. బోరు నీళ్లు కదా, లోపల సున్నం కట్టిందట. బిగించినవాళ్లు ఫోనెత్తరు. రాయగడ, మన ఒడిశా జయపురం రెండు ఊళ్లలో వెతికినా దీన్ని విప్పి చూసేవాడు దొరకలేదు. బాబూ, జర్మనీ తర్వాత వెళ్దువుగాని, ముందు మా ఊరు రా.

బరంపురం_ఏసీ:
గుణుపురం అన్నా, ఏజెంట్‌కి ఫోన్ చేసి 2024 లెక్క అడిగాను. "నువ్వు మెకానిక్కా, ఆడిటర్‌వా" అని పెట్టేశాడు. జర్మన్ క్లాసు ఆన్‌లైన్‌లో చూస్తున్నాను, నోరు తిరగడం లేదు. రాయగడ అన్నగారూ, శనివారం రాత్రి హీరాఖండ్ రైలు ఎక్కుతాను. మెషీన్ పక్కనున్న ప్లేటు ఫోటో పంపండి, మోడల్ నంబరు కనపడాలి. సున్నం కడగడానికి ఏం తేవాలో దాన్ని బట్టి చూస్తాను. నీళ్ల లైన్‌లో వాల్వులు ఎక్కడున్నాయో కూడా ఒక ఫోటో.